ఒక్క ఒత్తు కోసం 34 నిమిషాలు

మన సాహితీ క్లబ్ వెబ్‌సైట్‌లో ఒక కవితలో "అమ్మ" అనే మాటకి ఒత్తు ఎగిరిపోయి "అమ" అని పడిందనుకోండి. దాన్ని సరిచేయడానికి మనిషికి పట్టేది పది సెకన్లు. ఆ దిద్దుబాటు వల్ల ఇంకేమీ పాడవలేదని మన సిస్టం ఒప్పుకుని, వెబ్‌సైట్‌లో మార్చడానికి పట్టేది 34 నిమిషాలు. వచ్చే శుక్రవారం జనరల్ బాడీ మీటింగ్‌లో ఈ 34 నిమిషాల మీదే ఓటింగ్ ఉంది. "టెస్టులన్నీ తీసేద్దాం, ఉగాది సంచిక టైంకి రావాలి" అని ఒక వర్గం. "క్లబ్ ఫండ్‌లోంచి డబ్బు కట్టి పెద్ద మెషీన్ అద్దెకి తీసుకుందాం" అని ఇంకో వర్గం. నేను రెండింటికీ వ్యతిరేకం. ఎందుకో మీటింగ్‌లో మూడు నిమిషాల్లో చెప్పనివ్వరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. సివిల్, మెకానికల్, ఈసీఈ వాళ్ళు "ఇది సీఎస్ఈ వాళ్ళ గోల" అని పేజీ తిప్పేయకండి. ఓటు మీకూ ఉంది, పైగా ఇందులో ఇడ్లీ పిండి కూడా వస్తుంది.

ముందు తెర వెనక ఏం జరుగుతుందో చెప్తా. మన పత్రికలో ప్రతి రచనా ఒక మామూలు టెక్స్ట్ ఫైల్. అన్నీ కలిపి ఒక గిట్ రిపాజిటరీలో ఉంటాయి. ఎవరైనా ఏదైనా మార్చి పుల్ రిక్వెస్ట్ పెడితే, ఎక్కడో క్లౌడ్‌లో ఒక కొత్త కంప్యూటర్ నిద్ర లేస్తుంది. దానికి మన గురించి ఏమీ తెలియదు, పుట్టిన పిల్లాడిలా ఖాళీగా ఉంటుంది. అది కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా దింపుకుని, వెబ్‌సైట్ తయారు చేసి, పీడీఎఫ్‌లు తయారు చేసి, టెస్టులన్నీ నడిపి, చివరికి ఆకుపచ్చ టిక్కో ఎర్ర ఇంటూ గుర్తో పెట్టి, తన జ్ఞాపకాలతో సహా మాయమైపోతుంది. దీన్ని కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అంటారు, పొట్టిగా సీఐ. కంపెనీల్లో లక్షల లైన్ల కోడ్‌కి చేసేదీ ఇదే, మనం కవితలకి చేసేదీ ఇదే.

"కవితలకి టెస్టులేంటి?" అని నవ్వే వాళ్ళకి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ టెస్టులు తీసేద్దామనే వాళ్ళలో చాలామంది అవి ఏం చూస్తాయో చూడలేదు. తెలుగులో సున్నా ఉంది కదా, "ం". తెలుగు అంకెల్లో సున్నా కూడా ఉంది, "౦". ఫోన్‌లో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కానీ కంప్యూటర్‌కి ఒకటి అక్షరానికి అంటుకునే గుర్తు, రెండోది అంకె. టైప్ చేసేవాళ్ళు ఒకదాని బదులు ఇంకోటి కొట్టేస్తారు. కంటికి ఏ తేడా ఉండదు, కానీ వెబ్‌సైట్‌లో "వసంతం" అని వెతికితే ఆ కవిత దొరకదు. మాట మధ్యలో అంకె-సున్నా ఉంటే మన టెస్టు పట్టుకుంటుంది. అలాగే ఐత్వం. "కై" అనే అక్షరానికి పెట్టే గుర్తుని యూనికోడ్‌లో ఒకే ముక్కగా రాయొచ్చు, రెండు ముక్కలు కలిపి కూడా రాయొచ్చు. చూడ్డానికి అచ్చం ఒకటే, వెతికితే వేర్వేరు. అది కూడా టెస్టులో ఉంది. ఇక "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో "ట్"కీ "వే"కీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఉండాలి. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అని వ-ఒత్తు కింద ఇరుక్కుంటుంది. కాపీ పేస్ట్‌లో ఆ గుర్తు తరచూ ఎగిరిపోతుంది, ఒక్కోసారి రెండు మూడు వచ్చి కూర్చుంటాయి. ఇవి కాక, పీడీఎఫ్‌లో ఎక్కడైనా ఫాంట్ లేక అక్షరం బదులు డబ్బా పడిందా, ఫోన్ స్క్రీన్ మీద పద్యం పాదం విరిగిపోతోందా, లింకులు పనిచేస్తున్నాయా, ఇవన్నీ.

ప్రూఫ్ రీడర్ ఎంత శ్రద్ధగలవాడైనా మొదటి మూడింటిని కంటితో పట్టలేడు. కనపడని తప్పుని మనిషి ఎలా చూస్తాడు? అందుకే టెస్టులు తీసేద్దాం అనే మాట నాకు అసలు ఎక్కదు. ఆ టెస్టులు వచ్చాకే పాత సంచికల్లో సెర్చ్ సరిగ్గా పనిచేయడం మొదలైంది.

కానీ వాళ్ళ బాధ కూడా నిజమే. ఈ సెమిస్టర్ మొదట్లో ప్రూఫ్ రీడింగ్‌కని ఫస్ట్ ఇయర్ నుంచి ఒక చెల్లి వచ్చింది. బయోటెక్. లాప్‌టాప్ లేదు, ఫోన్‌లోనే బ్రౌజర్ తెరిచి దిద్దుతుంది. మొదటి దిద్దుబాటు పెట్టింది, 34 నిమిషాలు ఆగింది, ఎర్ర ఇంటూ వచ్చింది. కారణం చూస్తే తను మార్చిన దానికి సంబంధమే లేదు. రెండేళ్ళ కిందటి సంచికలో ఎవరో ఇచ్చిన లింకు తాలూకు సైట్ ఆ పూట తెరుచుకోలేదు. మళ్ళీ నడిపింది, మళ్ళీ 34 నిమిషాలు. మూడో రోజు నాకు మెసేజ్: "అన్నా, తప్పులు వాట్సాప్‌లో పంపిస్తా, మీరే మార్చేయండి ప్లీజ్." ఇప్పుడు దిద్దుబాట్లన్నీ వాట్సాప్ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్లుగా వస్తాయి, వాటిని నలుగురం కూర్చుని ఎక్కిస్తాం. గ్రూప్‌లో నలభై మంది ఉన్నారు, రిపాజిటరీలో పనిచేసేది నలుగురు. ఆ అమ్మాయిని ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, ఆ పని మన సీఐ చేసింది.

నా అసలు వాదన ఇదే. సీఐ మెల్లగా ఉంటే పోయేది మెషీన్ టైం కాదు. మెషీన్‌కి విసుగు రాదు. పోయేది మనుషులు. ఉన్నవాళ్ళ అలవాట్లు కూడా మారిపోతాయి. ఒక్క తప్పు దిద్దడానికి అరగంట పడుతుందంటే ఎవడూ ఒక్క తప్పు దిద్దడు. ఇరవై తప్పులు పోగేసి ఒకేసారి పెడతాడు. అది ఫెయిలైతే ఇరవైలో ఏది కారణమో వెతుక్కోవాలి. దాంతో ఇంకా భయం, ఇంకా పెద్ద మూట. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పుస్తకం రాసిన కెంట్ బెక్ బిల్డ్, టెస్టులు అన్నీ కలిపి పది నిమిషాల్లో అయిపోవాలని ఒక నియమంగా పెట్టాడు. పది దాటితే జనం దాన్ని నడపడం తగ్గించేస్తారని ఆయన లెక్క. మన నలభై మందిని చూశాక ఆ లెక్కకి వేరే రుజువు అక్కర్లేదనిపించింది.

ఎదురుచూపు విసుగు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి నాకు నచ్చిన ఉదాహరణ గో లాంగ్వేజ్. 2007లో గూగుల్‌లో రాబ్ పైక్ ఒక పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం మీద పనిచేస్తున్నాడు. కంపైల్ అవ్వడానికి సుమారు 45 నిమిషాలు, అదీ గూగుల్ వాళ్ళ భారీ క్లస్టర్ మీద. ఆ ఖాళీలో సీ ప్లస్ ప్లస్‌లో రాబోయే కొత్త ఫీచర్ల మీద టాక్ ఉందంటే వెళ్ళాడు. ఉన్నదే ఇంత బరువుంటే ఇంకా చేరుస్తారా అనిపించి, తిరిగొచ్చాక పక్కనే ఉండే వాళ్ళతో కొత్త భాష గురించి చర్చ మొదలుపెట్టాడు. 2009లో గో బయటికొచ్చింది. దాన్ని తయారు చేసేటప్పుడు వేగంగా కంపైల్ అవ్వడం ముఖ్యమైన లక్ష్యాల్లో ఒకటి. అంత క్లస్టర్ ఉన్నా 45 నిమిషాలు పట్టింది అనే ముక్కని పెద్ద మెషీన్ వర్గం వాళ్ళు కొంచెం గుర్తుపెట్టుకోవాలి.

సరే, మన సంగతి. థర్డ్ ఇయర్ సీనియర్ అక్క ఒకావిడ (పేరు రాయొద్దంది), నేను కలిసి దీని మీద కూర్చున్నాం. నేను వెళ్ళగానే "అక్కా, టెస్టులని నాలుగు మెషీన్ల మీద ఒకేసారి నడిపిద్దాం" అన్నా. "ముందు కొలువు రా, తర్వాత కోద్దువుగాని" అంది. కొలిచాం. టెక్ లైవ్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం, అంటే కొన్ని జీబీలు, దింపి ఇన్‌స్టాల్ చేయడానికి 11 నిమిషాలు. ఇప్పటివరకు వచ్చిన సంచికలన్నిటి పీడీఎఫ్‌లు మళ్ళీ మొదట్నుంచీ తయారు చేయడానికి 13. బయటి లింకులన్నీ తట్టి చూడ్డానికి 6. వెబ్‌సైట్ తయారు చేసి, మిగతా టెస్టులన్నీ నడపడానికి 4. మొత్తం 34.

అంటే అందరూ తిట్టుకుంటున్న సున్నా టెస్టు, ఐత్వం టెస్టు, డబ్బా టెస్టు, ఫోన్ స్క్రీన్ టెస్టు అన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే ఉన్నాయి. అందులోనూ అక్షరాల టెస్టులకి పట్టేది ఒక్క సెకను. టెస్టులు తీసేసినా ఇంకో అరగంట ఆగాల్సిందే! శుక్రవారం ఓటు వేసే ముందు దయచేసి ఈ ఒక్క పేరా మళ్ళీ చదవండి.

పెద్ద మెషీన్ సంగతి కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది. ఆమ్డాల్ సూత్రం అని 1967 నాటిది ఒకటి ఉంది, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పేపర్‌లో చదివాం, పరీక్షలో రాశాం, మర్చిపోయాం. పనిలో ఏ భాగాన్ని పంచుకోగలమో ఆ భాగమే వేగం పెరుగుతుంది, మిగతాది అలాగే ఉంటుంది అని దాని సారం. మన 34లో సులభంగా పంచుకోగలిగేది ఆ 13 నిమిషాల పీడీఎఫ్‌ల పని. ఒక్కో పీడీఎఫ్‌ని తయారు చేసే జీలాటెక్ ఒక కోర్ మీదే నడుస్తుంది కాబట్టి ఒకే సంచికకి ఎన్ని కోర్లిచ్చినా లాభం లేదు, కానీ సంచికలు విడివిడివి కాబట్టి ఒక్కో కోర్‌కి ఒక్కోటి ఇవ్వొచ్చు. ఎన్ని కోర్లు కొన్నా, ఆ 13 పూర్తిగా సున్నా అయిపోయిందనుకున్నా, ఇంకా 21 మిగులుతుంది. క్లబ్ ఫండ్ ఖాళీ చేసి 34ని 21 చేసుకోవడం. ఆ డబ్బుతో ఉగాది కవి సమ్మేళనానికి మంచి మైక్ అద్దెకి తెచ్చుకోవచ్చు. (పోయినసారి మైక్ గుర్తుందిగా.)

మరి ఏం చేశాం? చాలావరకు, చేసిన పని మళ్ళీ చేయడం మానేశాం. ఇప్పుడు ఇడ్లీ పిండి. అమ్మ ఒక్కో ఇడ్లీకి పప్పు నానబెట్టి, రుబ్బి, పులియబెట్టదు. రాత్రే రుబ్బి పెడుతుంది, పొద్దున రేకుల్లో పోసి ఆవిరి పెట్టడమే. మన సీఐ మాత్రం ఒక్కో కామాకి మినప్పప్పు కొనడానికి బజారుకెళ్తోంది. టెక్ లైవ్, తెలుగు ఫాంట్లు, వెబ్‌సైట్ ప్యాకేజీలు, ఇవేవీ రోజూ మారవు. వాటిని ముందే కలిపి ఒక కంటైనర్ ఇమేజ్‌గా చేసి పెట్టాం. అది కూడా మొత్తం టెక్ లైవ్ కాదు, మనం వాడే ప్యాకేజీలే. చైనీస్, అరబిక్ ఫాంట్లు మనకెందుకు? 11 నిమిషాల పని ఒక నిమిషం లోపుకి వచ్చింది. ఇమేజ్ కట్టేటప్పుడు ఒక చిన్న పద్ధతి ఉంది: అరుదుగా మారేవి కింది పొరలో, తరచూ మారేవి పై పొరలో పెట్టాలి. ఒక పొర మారితే దాని పైనున్నవన్నీ మళ్ళీ కట్టాల్సి వస్తుంది కాబట్టి, రోజూ మారే ఫైల్‌ని అడుగున పెడితే మేడ మొత్తం రోజూ కూలుతుంది.

పాత సంచికల పీడీఎఫ్‌లది ఇంకా సరదా కథ. "మారిన దాన్నే మళ్ళీ తయారు చేయి" అనే ఆలోచన మన అమ్మానాన్నల వయసుది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే టూల్ రాశాడు. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక పొద్దుటంతా ఒక బగ్ కోసం కొట్టుకున్నాడట. బగ్ అప్పటికే దిద్దేశాడు, కాకపోతే ఆ ఫైల్‌ని మళ్ళీ కంపైల్ చేయలేదు. ఫెల్డ్‌మన్‌కి కూడా ముందురోజు సాయంత్రం అదే గతి పట్టింది. ఆ చిరాకులోంచి వచ్చింది మేక్. ఏ ఫైల్ దేని మీద ఆధారపడుతుందో మనం రాసిపెడితే, ఫైళ్ళ తేదీలు, టైంలు చూసి, పాతబడిన వాటినే అది మళ్ళీ తయారు చేస్తుంది. యాభై ఏళ్ళ తర్వాత మన లాబ్‌లో ఇంకా అదే వాడుతున్నాం.

మరి మేక్ పెడితే సరిపోదా? సొంత లాప్‌టాప్‌లో సరిపోతుంది. సీఐలో సరిపోదు. మెషీన్ ప్రతిసారీ కొత్తది, పోయినసారి చేసిన పీడీఎఫ్‌లు దాని దగ్గర ఉండవు. దాచిపెట్టి తెచ్చుకున్నా ఇంకో చిక్కు. గిట్ ఫైళ్ళ పాత టైంలని గుర్తుపెట్టుకోదు. కొత్త మెషీన్ మీద దింపినప్పుడు అన్ని ఫైళ్ళకీ ఆ క్షణం టైమే పడుతుంది. దాంతో మేక్‌కి అన్నీ కొత్తగా మారినట్టే కనిపిస్తాయి, అన్నీ మళ్ళీ వండుతుంది. అందుకే టైం చూడకూడదు, లోపల ఏముందో చూడాలి. ఫైల్‌లోని అక్షరాలన్నిటినీ హాష్ ఫంక్షన్‌లో వేస్తే ఒక వేలిముద్ర వస్తుంది. ఒక్క ఒత్తు మారినా వేలిముద్ర మారిపోతుంది, ఏమీ మారకపోతే ఎప్పుడు తీసినా అదే వస్తుంది. సీ ప్రోగ్రాముల కోసం ఉన్న సీకేష్, గూగుల్ 2015లో బయటికి ఇచ్చిన బేజెల్, అన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. మేం కూడా ఒక్కో సంచికకీ దాని రచనలు, బొమ్మలు, పేజీ టెంప్లేట్, ఫాంట్లు, ఇమేజ్ వెర్షన్ అన్నీ కలిపి ఒక వేలిముద్ర తీస్తున్నాం. ఆ వేలిముద్రతో పీడీఎఫ్ ఇంతకుముందే ఉంటే అదే తీసుకుంటాం. 13 నిమిషాలు ఒక్క నిమిషానికి దిగాయి.

ఇందులో ప్రమాదం లేదని నేను అనను. పిండి ఎక్కువ రోజులుంటే పులిసిపోతుంది. వేలిముద్రలో ఫాంట్‌ని కలపడం మర్చిపోయామనుకోండి, రేపు ఎవరైనా ఫాంట్ మారిస్తే పాత పీడీఎఫ్‌లు పాత ఫాంట్‌తోనే ఉండిపోతాయి, టిక్ మాత్రం ఆకుపచ్చగా వస్తుంది. మెల్లగా నడిచే సీఐ కంటే అబద్ధం చెప్పే సీఐ చాలా చెడ్డది. అందుకే ఆదివారం రాత్రి ఒకసారి దాచినవేవీ వాడకుండా మొత్తం మొదట్నుంచీ కట్టి, వచ్చిన పేజీలు దాచిన వాటితో సరిపోతున్నాయా అని చూసేలా పెట్టాం. అక్క దీని దగ్గర అసలు రాజీ పడలేదు. "నీ వేగం నాకొద్దు, ముందు నమ్మకం" అంది. నిజం చెప్పాలంటే ఈ ఆదివారం రన్ లేకపోతే నేను కూడా ఈ బ్రాంచ్‌కి ఓటేయమని అడగను.

తర్వాత ఆ లింకుల 6 నిమిషాలు. ఇది వేగం కంటే పెద్ద జబ్బు. మనం ఏమీ మార్చకపోయినా ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యే టెస్టుల్ని ఇంగ్లిష్‌లో ఫ్లేకీ అంటారు. తెలుగులో ఏమనాలో తెలీక నేను తిక్క టెస్టులు అంటున్నా. మా రూంలో ఈ పేరు స్థిరపడిపోయింది. గూగుల్ టెస్టింగ్ బ్లాగ్‌లో జాన్ మిక్కో 2016లో రాసిన దాని ప్రకారం వాళ్ళ టెస్ట్ రన్‌లలో 1.5 శాతం ఇలా తిక్కగా వచ్చేవి, టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ తిక్క ఉంది. అంత డబ్బు, అంతమంది ఇంజనీర్లు ఉన్న చోటే అలా ఉంటే మనకెంత.

లెక్క వేసి చూడండి, ప్రాబబిలిటీ మనందరికీ ఉంది. ఒక్కో టెస్టు వెయ్యిసార్లకి ఒక్కసారే ఊరికే ఫెయిలవుతుందనుకుందాం. చాలా మంచి టెస్టే కదా? అలాంటివి 200 ఉంటే అన్నీ ఒకేసారి పాసయ్యే అవకాశం 0.999 ని 200 సార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 82 శాతం. అంటే ఐదారు రన్‌లకి ఒకటి ఏ కారణమూ లేకుండా ఎర్రగా వస్తుంది. అవే 1000 టెస్టులైతే పాసయ్యేది 37 శాతమే. తర్వాత ఏమవుతుందో "నాన్నా పులి" కథ విన్న ప్రతివాడికీ తెలుసు. ఎర్ర గుర్తు వస్తే జనం చదవడం మానేసి రీరన్ బటన్ నొక్కుతారు. నిజంగా పులి వచ్చిన రోజు కూడా రీరనే నొక్కుతారు. అందుకే "ఫెయిలైతే దానంతట అదే మూడుసార్లు నడిచేలా పెట్టేద్దాం" అన్న సలహా నాకు నచ్చలేదు. అది తిక్క కుదర్చడం కాదు, తిక్కకి అలవాటు పడడం. బయటి లింకుల టెస్టుని పుల్ రిక్వెస్ట్ దారిలోంచి తీసి రాత్రిపూటకి మార్చాం. తెల్లారేసరికి చచ్చిన లింకుల జాబితా వెబ్ టీంకి వస్తుంది. తెలుగు బ్లాగులు, సైట్లు మూతపడుతూనే ఉంటాయి కాబట్టి ఆ జాబితా అవసరమే. కానీ ఎవరి సైటో మూతపడితే బయోటెక్ అమ్మాయి దిద్దిన ఒత్తు ఎందుకు ఆగాలి?

మిగిలింది 4 నిమిషాలు. దాంట్లో వరస మార్చాం, అంతే. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ముందు ఒక్క మెతుకు పట్టి చూస్తాం. అలాగే సెకనులో అయిపోయే అక్షరాల టెస్టులు మొట్టమొదట నడుస్తాయి. తప్పుంటే అక్కడే ఆగి, "ఫలానా ఫైల్‌లో పన్నెండో లైన్‌లో సున్నా బదులు అంకె ఉంది" అని తెలుగులోనే చెప్తుంది. ఎర్రర్ మెసేజ్‌లు తెలుగులో రాయడం అక్క ఐడియా, నాకు మొదట్లో అతి అనిపించింది. కానీ తెలుగు పత్రిక దిద్దడానికి వచ్చినవాళ్ళకి పైథాన్ ట్రేస్‌బ్యాక్ చూపించడం కంటే ఇదే పద్ధతి. ఫోన్ స్క్రీన్ టెస్టులు రెండు మెషీన్ల మీద సగం సగం నడుస్తాయి. ఒకే పుల్ రిక్వెస్ట్‌లో మళ్ళీ మార్పు వస్తే పాత రన్ ఆగిపోతుంది. మొత్తం కలిపి ఇప్పుడు 4 నిమిషాలు. ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఒక్క టెస్టూ పోలేదు.

ఇంకొకటి మేం చేయలేదు, కానీ ఉగాది సంచిక ముందు రాత్రికి చేయాలని నా కోరిక. ఆ రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకేసారి పన్నెండు దిద్దుబాట్లు వస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి నడపాలి, ఎందుకంటే విడివిడిగా బాగున్నవి కలిస్తే పాడవ్వొచ్చు. పాత లెక్కన 12 సార్లు 34, అంటే 6 గంటల 48 నిమిషాలు. కొత్త లెక్కన 48 నిమిషాలు. పన్నెండూ కలిపి ఒకేసారి నడిపితే 4 నిమిషాలు. పాసైతే అన్నీ ఒకేసారి లోపలికి. ఫెయిలైతే అప్పుడు విడదీసి చూడొచ్చు. ఇది కొత్తదేం కాదు. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అమెరికా సైన్యంలో సిఫిలిస్ పరీక్షల కోసం చాలామంది రక్తం కలిపి ఒకే పరీక్ష చేసే పద్ధతి రాశాడు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ కిట్లు చాలనప్పుడు ఐసీఎంఆర్ కూడా ఐదు శాంపిల్స్ దాకా కలిపి పరీక్షించొచ్చని చెప్పింది, పాజిటివ్‌లు తక్కువ ఉన్న చోట్ల మాత్రమే. ఆ షరతే అసలు కిటుకు. తప్పులు అరుదుగా ఉంటేనే కలపడం లాభం. రస్ట్ లాంగ్వేజ్ వాళ్ళు రిస్క్ తక్కువున్న చిన్న చిన్న మార్పుల్ని ఇలాగే మూటకట్టి ఒకేసారి టెస్ట్ చేస్తారు. మన దగ్గర ఒత్తులూ కామాలూ మూటలోకి, టెంప్లేట్ మార్పులు విడిగా.

ఇంతకీ మా బ్రాంచ్‌కి వ్యతిరేకంగా నేను విన్న వాటిలో గట్టి మాట ఒక్కటే. ఫైనల్ ఇయర్ అన్న ఒకాయన అన్నాడు: "మీరిద్దరూ ఉన్నన్నాళ్ళు బాగానే ఉంటుంది. మీరు పాసౌట్ అయ్యాక ఆ ఇమేజ్‌ని ఎవరు చూసుకుంటారు? పాతది మెల్లగా ఉన్నా, ఎవరూ ముట్టుకోకుండా మూడేళ్ళు నడిచింది." ఇది తీసిపారేసే మాట కాదు. కాలేజీ క్లబ్‌లో ఏ వ్యవస్థ ఆయుష్షైనా నాలుగేళ్ళే. ఫాంట్ కొత్త వెర్షన్ వస్తే ఇమేజ్ మళ్ళీ కట్టాలి, కట్టడం తెలిసినవాళ్ళు ఉండాలి. దీనికి నా జవాబు సగమే: ఇమేజ్ కట్టే పని కూడా నెలకోసారి దానంతట అదే నడిచేలా పెట్టాం, అది ఫెయిలైతే ఇప్పుడున్న ఇమేజే వాడుకలో ఉంటుంది, అదీ చెడిపోతే పాత పద్ధతికి వెళ్ళడానికి ఒక్క లైన్ మారిస్తే చాలు. మిగతా సగం జవాబు జూనియర్లు ఇవ్వాలి. అయితే అన్నకి ఒక ఎదురు ప్రశ్న కూడా ఉంది. ఆ మూడేళ్ళలో ఎంతమంది జూనియర్లు ఒక్క పుల్ రిక్వెస్ట్ పెట్టి వెళ్ళిపోయారో లెక్కపెడితే, "నడిచింది" అనే మాట అంత సులభంగా అనగలమా?

మధ్యలో సిలబస్ మీద కూడా ఒక విసురు విసరకపోతే నాకు నిద్రపట్టదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పేపర్‌లో వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం. అల్గారిథంస్‌లో ఎన్ స్క్వేర్‌ని ఎన్ లాగ్ ఎన్ చేయడం నేర్చుకున్నాం. కానీ ఒక నిజమైన ప్రాజెక్టులో టైం ఎక్కడ పోతోందో గడియారం పెట్టి చూసే లాబ్ ఒక్కటీ లేదు. మా 34 నిమిషాల్లో అల్గారిథం మార్చి సంపాదించింది సున్నా. కొలవడం, దాచడం, వరస మార్చడం, అంతే. ఈ మూడింటికీ ఒక వారం లాబ్ చాలు.

బ్రాంచ్ పేరు "తొందర". క్లబ్ మెంబర్లందరికీ యాక్సెస్ ఉంది, ఫోన్‌లోంచైనా ఒక కామా మార్చి పుల్ రిక్వెస్ట్ పెట్టి మీరే టైం చూసుకోండి. బయోటెక్ చెల్లి మొన్న మంగళవారం ఒకటి పెట్టింది. పోయిన సంచికలో నా వ్యాసంలోనే రెండు అంకె-సున్నాలు పట్టుకుంది, టెస్టులు రాకముందు దూరినవి. ఇమేజ్ చూసుకోడానికి సెకండ్ ఇయర్ నుంచి ఒకరు, ఫస్ట్ ఇయర్ నుంచి ఒకరు కావాలి. బ్రాంచ్ ఏదైనా పర్లేదు, లినక్స్ రాకపోయినా పర్లేదు, రెండు శనివారాలు కూర్చుంటే వచ్చేస్తుంది. శుక్రవారం మీటింగ్ సాయంత్రం ఐదింటికి, సెమినార్ హాల్‌లో. ఓటింగ్ మొదటి అంశం కాబట్టి లేటుగా రాకండి.